సాంచాల వాడలో కూసిన పెట్ట

మీరు చేత్తో నూకలు పోసి పెంచిన ప్రాణిని శకునం పేరు చెప్పి ఎవరైనా కోయడానికి వస్తే, మీరు అడ్డంగా నిలబడ్డారా, లేక ఆ పూట కూరలో ఉప్పు సరిపోయిందో లేదో చూసుకున్నారా? నాకు చెప్పనవసరం లేదు. మీకు మీరే చెప్పుకోండి. మనలో చాలామందిమి రెండో పనే చేశాం. నేనూ చాలాసార్లు అదే చేశాను. ఒక్కసారి మాత్రం అడ్డంగా నిలబడ్డాను. అప్పుడు నాకు పదేళ్లు. నేను కాపాడాలనుకున్నది ఒక నల్లకోడిని.

మాది కరీంనగర్ జిల్లాలో నేత మీద బతికే చిన్న ఊరు. మా వాడలో ఇంటికొక చెట్టు లేకపోయినా రెండిళ్లకొక సాంచాల షెడ్డు ఉండేది. సాంచా అంటే కరెంటుతో నడిచే మగ్గం. మేం నాన్నను బాపు అనీ, అమ్మను అవ్వ అనీ పిలుస్తాం. బాపు ఒక సేటు షెడ్డులో సాంచాలు నడిపేవాడు. ఆ షెడ్డు వెనక గోడకు ఆనుకునే మా ఇల్లు. అవ్వ ఇంట్లో కూర్చుని సాంచాలకు కావలసిన దారపు కండెలు చుట్టేది. పొద్దున్నుంచి పొద్దుపోయేదాకా వాడంతా ఒకటే చప్పుడు. మేం మాట్లాడుకోవడమంటే అరుచుకోవడమే. బడిలో పంతులు, "ఎందుకే అట్ల మొత్తుకుంటవ్? నేను గీడనే ఉన్న గదా" అని నన్ను రోజూ తిట్టేవాడు. ఆదివారం సాంచాలు బందు. ఆ రోజు మాత్రం మా వాడలో కాకి అరుపు వినిపించేది.

నల్లకోడి పిల్లగా ఉన్నప్పుడు చొప్పదండి దగ్గరున్న అమ్మమ్మ ఊరి నుంచి వచ్చింది. గుడ్డ సంచిలో దాచి, బస్సులో కండక్టరు చూడకుండా ఒళ్లో పెట్టుకుని తెచ్చాను. దారి పొడవునా అది కీచుకీచుమంటూనే ఉంది. కండక్టరు నా వైపు చూసి, "ఏం పాపా, కడుపుల ఎలుకలు ఉరుకుతున్నయా?" అన్నాడు. కోడికి టికెట్టు మాత్రం అడగలేదు.

ఇంట్లో కోళ్లకు పేర్లు పెట్టకూడదని బాపమ్మ నియమం. బాపమ్మ అంటే బాపు వాళ్లమ్మ. "పేరు పెడితె కొయ్యబుద్ది కాదే" అనేది. అందుకని అది ఉత్త నల్లదే. గూడు పెట్టుకునే ఈడు రాగానే అది గడ్డి వెతకలేదు. షెడ్డు ఊడ్చి పారబోసిన దారపు పోగులు ఏరుకొచ్చి, ఎరుపూ పచ్చా నీలమూ కలిపి గంప కింద పరుచుకుని అందులో గుడ్లు పెట్టింది. అంత రంగురంగుల పరుపు మీద మా ఇంట్లో మనుషులు కూడా పడుకోలేదు.

ఆ పోగులే ఒకసారి దాని ప్రాణం మీదికి తెచ్చాయి. కాలికి దారం చుట్టుకుని బిగిసి, వేలు నల్లబడింది. అవ్వ కండెల దగ్గర వాడే బ్లేడుతో నేనే ఒక్కొక్క పోగూ కోశాను. అది కదలకుండా నా మోకాలి మీద తల ఆనించింది. ఆ రోజు నుంచి నేను ఎక్కడికి వెళ్తే అక్కడికి కుంటుతూ వచ్చేది. నేను ఎక్కాలు వల్లె వేస్తుంటే పలక మీదికెక్కి కూర్చునేది. గౌనుకు ఊడిన దారముంటే ముక్కుతో పట్టి లాగేది.

రెండేళ్లు గడిచాయి. నెమ్మదిగా గుడ్లు పెట్టడం మానేసింది. తల మీద జుట్టు ఎర్రగా, పెద్దగా పెరిగింది. మెడ ఈకలు మెరవడం మొదలైంది. నాకది అందంగా కనిపించింది. బాపమ్మకు మాత్రం నచ్చలేదు.

ఒక సోమవారం మధ్యాహ్నం కరెంటు పోయింది. మా వాడలో కరెంటు పోవడం కొత్త సంగతి కాదు. రోజూ పోయేది, ఎప్పుడు పోతుందో ఎవరికీ తెలిసేది కాదు. సాంచాలు ఒక్కసారిగా ఆగవు. చప్పుడు సన్నబడుతూ సన్నబడుతూ నాలుగు క్షణాల తర్వాత పూర్తిగా నిలిచిపోతుంది. ఆ సన్నబడే చప్పుడులోంచి ఒక కూత వినిపించింది. పుంజు కూత. మా ఇంట్లో పుంజు లేదు.

బాపమ్మ పరిగెత్తుకొచ్చింది. గంప దగ్గర నల్లకోడి మెడ సాచి నిలబడి ఉంది.

"ఓ నా బిడ్డో! పెట్ట కూసింది! ఇల్లు ఆగమైతది!"

పక్కింటావిడ గోడ మీంచి తొంగి చూసింది. "నేను గూడ ఇన్న పెద్దవ్వా. గది కూసింది, కరెంటు పోయింది. ఆడది మొగోని లెక్క కూస్తె ఇంకేమైతది?"

మంగళవారమూ అంతే. బుధవారం రెండుసార్లు. చప్పుడు సన్నబడేటప్పటికి కూత వినిపించేది, వెంటనే నిశ్శబ్దం. కూత ముందు, కరెంటు పోవడం తర్వాత అని వాడంతా నమ్మింది. అబద్ధమాడినవాళ్లు ఒక్కరూ లేరు. అందరూ తమ చెవులతో విన్నదే చెప్పారు. మూఢనమ్మకం బలమంతా ఇందులోనే ఉంది. అది పచ్చి అబద్ధాన్ని పట్టుకుని నిలబడదు. సగం చూసిన నిజం భుజమెక్కి కూర్చుంటుంది.

గురువారం సేటు మా ఇంటి గడప దగ్గరికి వచ్చాడు. చెడ్డవాడు కాదు. పండక్కి మాకందరికీ బట్టలు ఇచ్చేవాడు. కానీ ఆ రోజు మొహం గట్టిగా ఉంది.

"ఇగో, నీతోని నాకు పంచాది లేదు. నాలుగు దినాల సంది నా సాంచాలు ఆగుతున్నయ్. సరుకు అందకపోతే నేను పరేషాన్ అయిత. గా కోడిని తియ్యి."

"సేటూ, కరెంటు అంతకుముందు గూడ పోయింది గదా" అన్నాడు బాపు.

"అంతకుముందు కోడి కూయలే. ఆదివారం దాక చూస్త. సోమవారం పొద్దుగాల గా కోడి ఇంట్ల ఉంటె, నువ్వు షెడ్డుకు రాకు."

బాపు ఏమంటాడు? ఒక పక్క కోడి, ఒక పక్క మా అందరి అన్నం. బాపమ్మ ఆదివారం పొద్దున్నే కోయాలని నిర్ణయించింది. కూసిన పెట్టను ఇంటివాళ్లు తినకూడదట, వండి ఊరి బయట పంచిపెట్టాలట. నేను ఏడ్చాను, అరిచాను, గంప మీద కూర్చుని లేవనన్నాను.

పక్కింటావిడ మళ్లీ గోడెక్కింది. "చూసినవా పెద్దవ్వా? గీ పిల్ల గూడ గా కోడి లెక్కనే కూస్తుంది. ముందుగాల దీని గొంతు ఆపు."

ఆ మాట నాకు ఇప్పటికీ చెవుల్లోనే ఉంది. పెట్ట కూస్తే అరిష్టం, పిల్ల ప్రశ్నిస్తే అరిష్టం. రెండింటి వెనకా ఉన్న భయం ఒక్కటే. ఆడగొంతు హద్దు దాటకూడదు, అంతే. దానికి దేవుడూ కరెంటూ వట్టి సాక్షులు.

శుక్రవారం బడి ఎగ్గొట్టి కోడి దగ్గర కూర్చున్నాను. వాదించడానికి కాదు. వాదం ఓడిపోయిందనే అనుకున్నాను. ఇంక రెండు రోజులే కదా, దగ్గరుండి నూకలు పెడదామని. గోడ అవతల సాంచాలు దడదడలాడుతున్నాయి. నల్లకోడి నాలుగు నూకలు తిని, తల పైకెత్తి, మెడ సాచి, కళ్లు మూసుకుని నోరు బార్లా తెరిచింది. ఏ చప్పుడూ రాలేదు. మూసుకుంది. కాసేపటికి మళ్లీ అదే. మెడ సాచింది, నోరు తెరిచింది. చప్పుడు లేదు.

దాని గొంతు పోయిందనుకుని భయపడ్డాను. దగ్గరికి తీసుకుని రొమ్ము మీద అరచేయి పెట్టాను. మూడోసారి అది నోరు తెరిచింది. నా అరచేతి కింద రొమ్ము డప్పులా అదిరింది.

అది కూస్తోంది. నాకే వినపడటం లేదు.

కాసేపు అలాగే కూర్చున్నాను. అది మళ్లీ కూసింది, నా చెయ్యి అదిరింది, సాంచాలు నడుస్తూనే ఉన్నాయి. మళ్లీ కూసింది. సాంచాలు ఆగలేదు. ఈ వారమే దానికి కూత వచ్చినట్టుంది. రాత్రి గంప కింద మూస్తే కూయదు కానీ, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కూస్తూనే ఉంటుంది. సాంచాల చప్పుడులో ఎవరికీ వినపడదు. కరెంటు పోయి చప్పుడు ఆగిన క్షణాన మాత్రమే వినపడుతుంది. కోడి కూసినందుకు కరెంటు పోవడం లేదు. కరెంటు పోయినందుకు కోడి కూత మనకు వినపడుతోంది!

ఇంట్లోకి పరిగెత్తి చెప్పాను. అవ్వ చేతిలో కండె ఆగింది. బాపమ్మ మాత్రం చెయ్యి విసిరింది. "బడిల ఇదేనానే నేర్పుతున్నరు?"

శనివారం పొద్దున బాపమ్మ చెయ్యి పట్టుకుని లాగాను. "జర ఒక్కసారి రా బాపమ్మా. నువ్వు చూసినంక గూడ కోస్తనంటె, నేను ఏడ్వ."

ఆ ఒప్పందం ఆమెకు నచ్చినట్టుంది. మూడు రోజుల నా ఏడుపు భరించలేక వచ్చింది. గంప దగ్గర పీట వేసి కూర్చోబెట్టాను. గోడ అవతల చప్పుడు హోరున ఉంది. నల్లకోడి మెడ సాచి నోరు తెరిచింది.

బాపమ్మ నా చెవిలో అరిచింది. "ఏమైందే దీనికి? గొంతు పడిపోయిందా?"

నేను ఆమె చెయ్యి పట్టుకుని కోడి రొమ్ము మీద పెట్టబోయాను. పెట్టనివ్వలేదు మొదట. అరిష్టాన్ని ముట్టుకోనంది. "రోజూ నువ్వే గదా గంప కింద మూసేది?" అని అరిచాను. అప్పుడు పెట్టింది.

కోడి మళ్లీ మెడ సాచింది. బాపమ్మ మొహం నాకిప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. కనుబొమ్మలు పైకి లేచాయి. చెయ్యి తీసి చూసుకుంది. మళ్లీ పెట్టింది.

"కూస్తుందే!" అంది.

"కరెంటు పోయిందా?"

ఆమె గోడ వైపు చూసింది. సాంచాలు దడదడలాడుతున్నాయి. ఆమె లేవలేదు. అవ్వ వచ్చి అన్నానికి పిలిచినా లేవలేదు. అరచేయి కోడి రొమ్ము మీదే ఉంచి కూర్చుంది. అది కూసినప్పుడల్లా గోడ వైపు చూసేది. సాంచాలు నడుస్తూనే ఉండేవి. పొద్దు వాలుతుండగా కరెంటు పోయింది. చప్పుడు సన్నబడింది. ఆ సన్నబడే చప్పుడులోంచి, మేం పొద్దుటి నుంచీ చేత్తో వింటున్న కూత, చెవికి వినపడింది.

పక్కింటావిడ గోడ మీంచి గెంతినంత పని చేసింది. "ఇన్నవా పెద్దవ్వా? మల్ల కూసింది, మల్ల పోయింది!"

బాపమ్మ పీట మీంచి లేచి నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "గిది పొద్దుగాల సంది కూస్తనే ఉన్నదే. నీకు గిప్పుడు ఇనబడ్డది. నీ చెవులకు పట్టిన శకునానికి నా కోడిని కొయ్యాల్నా?"

నేను పదేళ్ల పిల్లని. అంత మాట నేను అని ఉంటే చెంప వాచేది. బాపమ్మ అన్నది కాబట్టి గోడ అవతలి తల మాయమైంది.

చెప్పులేసుకుని ఆమె తిన్నగా షెడ్డుకు పోయింది. నేను వెనకాలే. షెడ్డు చీకటిగా, నిశ్శబ్దంగా ఉంది. సాంచాల మధ్య సేటు తల పట్టుకుని కూర్చున్నాడు. బాపు ఒక మూల నిలబడి ఉన్నాడు.

"సేటూ, రేపు ఆదివారం. నీ సాంచాలు బందు గదా?"

"అవును పెద్దమ్మా. రేపే గదా కోసుడు?"

"కోసుడు లేదు. రేపు పొద్దుగాల నా ఇంటి ముందర వచ్చి కూసో. చాయ్ పోస్త. నెత్తి మీద కరెంటు బుగ్గ ఏస్త. కోడి ఎన్నిసార్లు కూస్తదో ఇను. అది కూసినప్పుడు బుగ్గ ఆరితె నేనే కోసి నీ చేతుల పెడత. ఆరకపోతె నా కొడుకును ఇంకోసారి రావద్దనకు."

సేటు నా వైపు చూశాడు. "మనుమరాలు మంతరం ఏసినట్టుంది."

"మంతరం లేదు, ఏం లేదు. చెయ్యి పెట్టి చూసిన" అంది బాపమ్మ.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కారణం ఒప్పుకుంటాను. అది కూసే సరిగ్గా అదే క్షణాన కరెంటు పోతే? కాకతాళీయంగా కూడా పోవచ్చు కదా? పదేళ్లకే నాకు తెలిసింది, నిజం మన పక్షాన ఉన్నంత మాత్రాన గెలుపు మన పక్షాన ఉండదని.

ఆదివారం. సాంచాలు లేవు. వాడంతా మా వాకిట్లో ఉంది. సేటుకు బాపమ్మ కుర్చీ వేసింది. చూరుకు వేలాడే బుగ్గ, అంటే బల్బు, పట్టపగలే వెలుగుతోంది. నల్లకోడిని గంప తీసి వదిలాను. అది వాకిలంతా నడిచి, సేటు చెప్పుల దగ్గర ఆగి, మెడ సాచి, వాడ అదిరిపోయేలా కూసింది.

అందరి తలలూ ఒక్కసారి బుగ్గ వైపు లేచాయి. బుగ్గ వెలుగుతూనే ఉంది.

మళ్లీ కూసింది. బుగ్గ వెలుగుతోంది. పదిసార్లు దాకా పిల్లలు లెక్కపెట్టారు, తర్వాత నవ్వులో లెక్క తప్పిపోయింది. ఒక పెద్దాయన కూత రాగానే బుగ్గ వైపు చూసి "ఇంకా ఉన్నది!" అనడం మొదలుపెట్టాడు. కాసేపటికి వాడంతా అదే అందుకుంది. కోడి కూత, వెనకే "ఇంకా ఉన్నది!"

మధ్యాహ్నం నిజంగానే బుగ్గ ఆరింది. అందరం కోడి వైపు తిరిగాం. అది మురుగునీటి మోరీ పక్కన బూడిదలో బొక్క చేసుకుని, రెక్కలు పరిచి, ఒక కన్ను మూసుకుని దుమ్ములో పొర్లుతోంది. కిక్కురుమనలేదు.

సేటు చాలాసేపు దాన్ని చూశాడు. తర్వాత పగలబడి నవ్వాడు. "గిది పండుకున్నా కరెంటు పాయె గదనే!"

అది నా అదృష్టమే, దాచను. ఆ క్షణాన అది కూస్తూ ఉన్నా నా మాట తప్పయ్యేది కాదు, కానీ కోడి తల నిలిచేది కాదేమో. అయినా ఆ అదృష్టం దానికదే రాలేదు. కోయకుండా ఆదివారం దాకా ఆపినందుకు వచ్చింది. చూడటానికి ఒక రోజు దొరికితే నిజానికి అవకాశం దొరుకుతుంది.

సోమవారం బాపు షెడ్డుకు పోయాడు. అసలు గెలుపు ఆ తర్వాతి వారంలో ఉంది. కరెంటు మళ్లీ పోయింది. ఈసారి తిట్టడానికి కోడి సాకు లేదు. "మరి ఎందుకు పోతుంది?" అని మొదట అడిగింది సేటే. అంతకుముందు ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు, జవాబు గంప కింద ఉందనుకున్నారు కాబట్టి. సేటూ, బాపూ, ఇంకా పదిమందీ కలిసి కరెంటు ఆఫీసుకు వెళ్లారు. మూడుసార్లు తిరిగారు. చివరికి ఆఫీసువాళ్లు కోతల వేళలు సుద్దతో ఒక బోర్డు మీద రాసి ఆఫీసు బయట పెట్టారు. కోత పోలేదు, కానీ వేళ తెలిసింది. బాపు ఆ వేళకు అన్నానికి రావడం మొదలుపెట్టాడు. పని మధ్యలో గుండెలు బాదుకోవడం ఆగింది. ఒక కోడిని నిందించడం మానితే వాడ వాడంతా ఆఫీసు మెట్లెక్కింది!

చాలా ఏళ్ల తర్వాత ఒక పశువుల డాక్టరును అడిగాను. పెట్ట లోపల గుడ్లు తయారయ్యే అవయవం దెబ్బతింటే, ఒక్కోసారి పుంజు లక్షణాలు వస్తాయనీ, జుట్టు పెరుగుతుందనీ, కూత కూడా వస్తుందనీ చెప్పాడు. అరిష్టం అసలు లేదా అంటే, ఉంది, కానీ అది కోడికే. పాపం దానికి ఒంట్లో బాగాలేదు. మేం దానికి శిక్ష వేయబోయాం.

నల్లకోడి ఇంకో మూడేళ్లు బతికింది. మా వాడలో గొంతెత్తి కూసినంత కాలం ఎవరూ ఏమీ అనలేదు. పేర్లు పెట్టకూడదన్న బాపమ్మే దానికి పేరు పెట్టింది. పొద్దున్నే నూకల గిన్నె పట్టుకుని, "ఓ పటేలమ్మా, లెవ్వు, వాడను లేపు" అని పిలిచేది. నేను ఎవరితోనైనా గట్టిగా వాదిస్తుంటే పక్కింటావిడకు వినపడేలా, "కూయనియ్యి, కరెంటేం పోదు" అనేది.

ఇదంతా పాత ముచ్చట అని పక్కన పెట్టకండి. మొన్న ఖానాపూర్ వైపు ఒక చుట్టాలింటికి వెళ్లాను. భోజనానికి కూర్చోబెట్టి కోడికూర వడ్డించారు. "పెట్ట కూసింది, అందుకే పొద్దుగాలనే కోసినం" అని మామూలుగా చెప్పారు. ఆ ఇంట్లో డిగ్రీ చదివినవాళ్లు ముగ్గురున్నారు, అందరి చేతుల్లో ఫోన్లున్నాయి. ఒక్కటే అడిగాను. "కోసే ముందు ఎవరన్నా దాని పక్కన ఒక్క పూట కూసున్నరా?" ఒకరు నా పళ్లెంలో ఇంకో ముక్క వేయబోయారు. నేను పెరుగన్నం తిని లేచాను.

మిమ్మల్నీ అదే అడుగుతున్నాను. మీ ఇంట్లోనో పక్కింట్లోనో ఇవాళ అరిష్టమని పేరుపడ్డ ప్రాణి ఒకటి ఉంటుంది. కూసే పెట్ట కావచ్చు, ఏడ్చే కుక్క కావచ్చు, ఎదురొచ్చే పిల్లి కావచ్చు. కత్తి తీసే ముందు, కర్ర ఎత్తే ముందు, ఊరి బయట వదిలేసి వచ్చే ముందు, ఒక్క రోజు గడువు అడగండి. పీట వేసుకుని దాని పక్కన కూర్చోండి. దాని రొమ్ము మీద అరచేయి పెట్టి చూడండి. తర్వాత ఎవరైనా దాన్ని కోయడానికి వస్తే, లేచి నిలబడి అడ్డం చెప్పండి. ఈ పుస్తకం మూసి వెళ్లండి. ఇప్పుడే వెళ్లండి.